చిన్న స్వెట్టరు నీడ

"కళ్ళ కింద నలుపు ఇంకాస్త తియ్యి. రాత్రంతా ఏడ్చినట్టుంది పిల్ల," అన్నారు మా ఆయన, నా భుజం మీంచి కంప్యూటర్లోకి వంగి.

తీశాను. ఆ పెళ్ళికూతురు నిజంగానే ఏడ్చి ఉంటుంది. ఏడవలేదన్నట్టు చూపించడం మా వృత్తి. మొటిమలు, మచ్చలు, గడ్డం కింద మడతలు, తమ్ముడి చొక్కా మీద పడ్డ టీ మరక, అన్నీ నా వేలి కిందే మాయమవుతాయి. కింద స్టూడియో, పైన ఇల్లు, ఆ పైన మేడ. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నా నడకంతా ఆ మెట్ల మీదే. పొద్దున పాపని బడికి పంపి, వంట ముగించి, మావయ్యగారికి మందులిచ్చి కిందికి దిగితే కంప్యూటరు. ఆయన వస్తే టీకి పైకి, కస్టమరు వస్తే కిందికి, బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి. ఆల్బం ఆఖరి పేజీలో బంగారు రంగు అక్షరాలతో ఆయన పేరుంటుంది. ఆ అక్షరాలు పేర్చేదీ నేనే. "మా ఆవిడకి ఖాళీగా ఉంటే తోచదండీ, అందుకే కంప్యూటరు ముందు కూచోబెట్టాను," అని ఆయన కస్టమర్లతో అంటూంటారు. వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నా నవ్వుని మాత్రం ఎవరూ సరిచెయ్యనక్కర్లేదు, అంత నున్నగా ఉంటుంది.

స్టూడియో పెట్టింది మావయ్యగారు. మెట్ల కింద ఆయన ఫిల్ములు కడిగే చీకటిగది ఉండేది. కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో, కాగితం మీద బొమ్మ ఎలా తేలుతుందో ఒక్కసారి చూస్తానని అడిగాను. ఆయన కసురుకోలేదు. ఎంతో ప్రేమగానే చెప్పారు. "వద్దమ్మాయ్. లోపలికెళ్ళాక మధ్యలో తలుపు తియ్యకూడదు. నిన్ను గంటకి పదిసార్లు పిలుస్తారు. నీవల్ల కాదు." ఆయన చెప్పింది అబద్ధమైతే అంత గుచ్చుకునేది కాదు. తర్వాత ఫిల్ముల కాలం పోయింది. ఆ గది విరిగిన గొడుగు లైట్లకీ, స్టాండ్లకీ కొట్టయింది. నేను ఆ కోరికని మర్చిపోయాననే అనుకున్నాను.

ఒక ఆదివారం పాప పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్ళాను. వెనక గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. 'ఎండతో బొమ్మలు. కెమెరా అక్కర్లేదు. ఎవరైనా రావచ్చు.' నాకు నవ్వొచ్చింది. కెమెరాల మీద బతికే ఇంటిదాన్ని, కెమెరా అక్కర్లేదట! చూసిపోదామని తొంగిచూశాను. లోపల ఓ బోటనీ లెక్చరరు, పెద్ద గొంతు, గోళ్ళ చివర్ల నీలం మరకలు. "గుమ్మంలో నిలబడితే ఎలాగండీ, కుర్చీ ఉంది, రండి," అంది. వెళ్ళి కూర్చున్నాను.

దాన్ని సయనోటైప్ అంటారని ఆ రోజే తెలిసింది. ఇనుము కలిసిన రెండు మందులు. ఒకటి ఆకుపచ్చగా, ఒకటి నారింజ రంగులో ఉంటాయి. రెండూ సమానంగా కలిపి మసక వెలుతురులో కాగితానికి కుంచెతో పూసి, చీకట్లో ఆరబెట్టాలి. దాని మీద ఆకో, పువ్వో, ఏదో ఒకటి పెట్టి, పైన అద్దం మూసి ఎండలో ఉంచాలి. ఎండ తగిలినచోట కాగితం రంగు తిరుగుతుంది. తర్వాత నీళ్ళలో కడిగితే ఎండ పడినచోటు నీలం, వస్తువు నీడ పడినచోటు తెలుపు. అంతే విద్య. నేను కిటికీ పక్కన రాలిపడ్డ ఆకు ఒకటి పెట్టాను. నీళ్ళలో పసుపుపచ్చ మందు కరిగిపోతూ, కాగితం మీద నీలం తేలుతుంటే నా గుండె చిన్నపిల్లలా గెంతింది. అప్పుడు చూశాను, ఆకులో పురుగు కొరికిన కంత. ఆ కంత కూడా పడింది, నీలపు చుక్కలా. అలవాటు చొప్పున నా చూపుడువేలు కదిలింది.

"దీన్ని సరిచెయ్యడం ఎలాగండీ?" అని అడిగాను.

"ఎందుకు సరిచెయ్యడం?" అంది లెక్చరరు. "పురుగు నిజంగానే తింది కదండీ."

నవ్వబోయాను. అది దగ్గయింది. ఎదుటి కుర్చీలో ఆవిడ మంచినీళ్ళు అందించింది, మందు వాసన పడలేదేమో అనుకుని.

ఆదివారాలు అక్కడికి వెళ్తానని ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన కాదనలేదు. "మంచిదే, బుర్ర చల్లబడుతుంది. మధ్యాహ్నం వంట వేళకి వచ్చెయ్, చాలు," అన్నారు. మావయ్యగారు పేపరు దించి, "కెమెరా లేకుండా ఫోటో ఏంటమ్మాయ్, పొయ్యి లేకుండా పొగలాగా," అన్నారు. నా గోళ్ళకంటిన నీలం చూసి ఆయనే వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, మా ఇంట్లో నీలివిప్లవం మొదలైందని.

మెట్ల కింది గదిలో స్టాండ్ల మధ్య కూర్చునే చోటు లేదు, మందు పూయడానికి నాకు దొరికిన చీకటి బాత్రూమొక్కటే. వెంటిలేటరుకి తువ్వాలు కట్టి, చిన్న పసుపు బల్బు పెట్టుకుని, తిరగేసిన బకెట్ మీద పలక పెట్టి పూసేదాన్ని. సగం పూతలో తలుపు చప్పుడు.

"అమ్మాయ్, లోపలున్నావా?"

"ఉన్నా మావయ్యగారూ."

"చాలాసేపైంది. ఏం చేస్తున్నావు?"

బాత్రూంలో ఉన్న ఆడది ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పగలదు? హడావుడిగా ముగించేదాన్ని. కుంచె తగలనిచోట తెల్లటి చారలు మిగిలిపోయేవి. మేడ మీద ఎండలో పెడితే, కాగితం ఇంకా పచ్చగా ఉండగానే కింద కుక్కరు కూత వేసేది. ఎత్తేస్తే బొమ్మ వెలిసిన యూనిఫారంలా పాలిపోయేది. ఒకసారి మావయ్యగారు కళ్ళజోడు కనపడలేదని పిలిచారు. అది ఆయన తలమీదే ఉంది. నేను తిరిగి మేడెక్కేసరికి కాగితం మాడి, బొమ్మ తెలుపంతా నీలంలో మునిగిపోయింది. ఒకసారి కడుగుతుండగా పాలు పొంగాయి. ఆ కాగితానికి పసుపు డాగు ఉండిపోయింది. అవన్నీ లెక్చరరు ముందు పరిచినప్పుడు ఆమె తల గోక్కుంది. "పూత బానే వేస్తున్నారు. ఎక్కడ తప్పుతోందో అర్థం కావట్లేదండీ. మీ మేడ మీద ఎండ సరిగ్గా పడుతుందా?"

"పడుతుందండీ," అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మిగతాది చెప్పలేదు. కానీ బస్సులో ఇంటికొస్తూ ఆ కాగితాల్ని ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. ఏ కాగితం దగ్గర ఎవరు పిలిచారో నాకు గుర్తుంది. చేతకానిది నాకు కాదని మొదటిసారి అనిపించింది. అది ఊరటో కోపమో తేల్చుకోలేకపోయాను.

స్టూడియోకి ఒకావిడ వచ్చింది ఆ వారంలోనే, మిట్టమధ్యాహ్నం. ఆయన షూటింగుకి వెళ్ళారు. ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చినట్టుంది, నర్సు బట్టల్లోనే ఉంది. సంచీలోంచి పల్చటి కాగితంలో చుట్టిన పొట్లం తీసి విప్పింది. అరచేతులు రెండూ కలిపితే పట్టేంత తెల్ల స్వెట్టరు. అంతా చిన్న చిన్న కంతల జాలీ అల్లిక.

"దీన్ని ఫోటో తీస్తారా అండీ?"

"పాపాయిని కూడా తీసుకురండి. వేసి తీస్తే ముద్దుగా వస్తుంది," అన్నాను. మా వాళ్ళు ఎప్పుడూ అనే మాటే.

ఆమె కాసేపు స్వెట్టరు మడత సరిచేసింది. "పాప లేదండీ. ఒక్క పూటే ఉంది. ఫోటో తియ్యాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు."

నేను కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

"పాప పుట్టేసరికి స్వెట్టరు ఒళ్ళే అయ్యింది. చేతులు ఇంటికొచ్చాక అల్లాను," అంది. "పారెయ్యమంటున్నారు ఇంట్లో. కళ్ళ ముందుంటే మర్చిపోలేవంటున్నారు. పారేశాననే చెప్పాను. డ్యూటీ సంచీలో పెట్టుకు తిరుగుతున్నాను. ఎన్నాళ్ళని దాస్తాను? ఒక ఫోటో ఉంటే..."

తెల్ల గుడ్డ పరిచి, రెండు లైట్లు పెట్టి, టక్కున తీసి ఇచ్చెయ్యచ్చు. మా ఆయనైతే అదే చేసేవారు. నేను సొరుగులోంచి నా ఆకుల కాగితాలు తెచ్చి చూపించాను. కెమెరా ఉండదని, స్వెట్టరే స్వయంగా కాగితం మీద పడుకుంటుందని, దాని నీడే బొమ్మవుతుందని చెప్పాను. నేను ఇంకా నేర్చుకుంటున్నానని, పాడవచ్చని కూడా చెప్పాను. ఆమె పురుగు కొరికిన ఆకు దగ్గర ఆగిపోయింది. "మందు స్వెట్టరుకి అంటుకుంటుందా?" అని మాత్రం అడిగింది. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ కాగితం వేస్తానన్నాను.

రెండు రోజుల తర్వాత, తన సెలవు రోజున వచ్చింది. ఇద్దరం మేడ మీద కూర్చున్నాం. పొద్దున్నే అందరి పనులూ ముగించి, బాత్రూం గడియ పెట్టుకుని పూసిన కాగితం. అంత నున్నటి పూత అంతకుముందు ఎప్పుడూ రాలేదు. స్వెట్టరు చేతులు ఎలా పెట్టాలని అడిగాను. ఆమె ఒక చెయ్యి కాస్త పైకి, ఒకటి పక్కకి పెట్టింది. నిద్రలో పిల్లలు అలాగే పెడతారు. అద్దం మూశాను. ఎండ పడింది. పసుపుపచ్చ కాగితం మెల్లగా ఆకుపచ్చనై, నీలమెక్కి, బూడిద రంగుకి తిరుగుతోంది. అది కంచురంగుకి వచ్చేదాకా ఆగాలి.

కింద కారు ఆగిన చప్పుడు. ఆయన గొంతు. "ఏమోయ్, ఒకసారి కిందికి రా!"

నేను కాగితం కేసి చూస్తున్నాను.

"వినపడుతోందా? పార్టీ వచ్చారు, ఆ ఆల్బం ఎక్కడ పెట్టావు?"

ఆమె నా వైపు తిరిగింది. "మిమ్మల్ని పిలుస్తున్నారండీ."

"వినపడిందండీ," అన్నాను. లేవలేదు. పెద్ద ధైర్యమేమీ కాదది. ఒళ్ళంతా చెవులై కూర్చున్నాను, మెట్ల మీద అడుగుల చప్పుడు వస్తుందేమోనని. మూడోసారి పిలుపు వచ్చింది. ఆ తర్వాత బీరువా తలుపు చప్పుడైంది. ఆల్బం ఆయనకే దొరికింది. ఎదురుగానే ఉంది మరి.

నీళ్ళలో వేయగానే పసుపు రంగు పాయలుగా కరిగిపోయింది. నీలం మధ్య తెల్లగా స్వెట్టరు తేలింది. ప్రతి కంతా విడివిడిగా నీలపు చుక్కయింది. గుండీలు పెట్టినచోట అద్దం కాస్త లేచి, అంచులు మసకబారాయి. అవి చూస్తే ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంది. ఆమె వేలు కాగితానికి తగలకుండా ఒకచోట ఆపింది. "ఇక్కడ చూడండి, కుట్టు జారిపోయింది. అప్పుడు కదిలింది లోపల. నవ్వి, అలాగే వదిలేశాను." అంతే అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.

రంగు ముదరడానికి ఒక రోజు పడుతుంది. మర్నాడు వచ్చి తీసుకుంటానని, స్వెట్టరు సంచీలో పెట్టుకుని వెళ్ళింది. కాగితాన్ని మెట్ల కింది గదిలో దండేనికి క్లిప్పు పెట్టాను.

లైటు స్టాండు కోసం వెళ్ళిన ఆయన దాన్ని చూశారు. రాత్రి భోజనాల దగ్గర అడిగారు. "ఆ స్వెట్టరెవరిది? బాగా వచ్చిందే!" ఆ ఇంట్లో నా పనిని ఒకరు బాగుందనడం అదే మొదలు. నేను చెబుతుంటే ఆయన తినడం ఆపి విన్నారు. నేను మాట్లాడుతుంటే ఆయన చెయ్యి ఆగడం అదివరకు ఎప్పుడు చూశానో గుర్తులేదు. అందుకని అంతా చెప్పాను. ఒక్క పూట సంగతి, తర్వాత అల్లిన చేతుల సంగతి. "వాళ్ళింట్లో తెలియకూడదట, పాపం," అని కూడా చెప్పాను. ఆయన తలూపారు.

మర్నాడు బడినుంచి వచ్చి పాప ఆయన ఫోను నా మొహమ్మీద పెట్టింది. "అమ్మా, నీ స్వెట్టరుకి ఎన్ని హార్టులో చూడు! కానీ నాన్న పేరుందేంటి?"

స్టూడియో పేజీలో నా నీలం కాగితం. కింద ఆయన రాసిన మాటలు. 'పుట్టిన పూటే కన్నుమూసిన ఓ చిన్నారిని వెలుగుతో గీశాం. మీ జ్ఞాపకాలకు మా కెమెరా కన్ను.' దాని కింద ఆయన పేరు. కెమెరా కన్నట! నాకు ముందు కోపమొచ్చింది ఆ మాటకే. అసలు సంగతి తర్వాత తట్టింది.

ఆమె చీకటి పడకముందే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గొంతు పెంచలేదు.

"మా అత్తగారు నిన్న రాత్రే ఫోన్లో చూశారండీ. అల్లుతుంటే చూసిన మనిషి, గుర్తుపట్టరా? పొద్దున లేచేసరికి సంచీలో స్వెట్టరు లేదు. ఏం చేశారంటే చెప్పరు. నీ మంచికే అంటున్నారు." చెయ్యి చాచింది. "అదైనా ఇవ్వండి."

గదిలోంచి కాగితం తెచ్చి ఇచ్చాను. నీలం బాగా ముదిరింది. నేను చెప్పబోయిన మాటలన్నీ నాకే అసహ్యంగా వినిపించాయి. ఆమె కాగితాన్ని చుట్టకుండా రెండు చేతుల్తో వెడల్పుగా పట్టుకుంది.

"ఆ రోజు కిందనుంచి అన్నిసార్లు పిలిచినా మీరు లేవలేదు కదా. అందుకే నమ్మి వదిలి వెళ్ళానండీ," అంది. వెళ్ళిపోయింది.

ఆయనకి చెప్పాను. "అయ్యో," అన్నారు, నిజంగానే బాధపడి. ఆ వెంటనే, "అయినా మనం పేరు రాయలేదుగా. వాళ్ళింటి గొడవకి మనమేం చేస్తాం?" అన్నారు.

"ముందు అది తీసెయ్యండి."

"నాలుగు రోజులాగు. అది చూసే పెద్ద హోటల్ వాళ్ళు ఫోన్ చేశారు. గదులన్నిటికీ నీలం బొమ్మలు కావాలట. నీకు ఇష్టమైన పనేగా చెయ్యమంటున్నాను, మొహం అలా పెడతావేం?"

నీకు ఇష్టమైన పని. ఆ మాట పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. వంట నాకిష్టమనే మొదట్లో అన్నారు. కంప్యూటరు నాకిష్టమనే అప్పచెప్పారు. నా ఇష్టాలన్నీ ఒక్కొక్కటే ఇలా పనులై నా మెడకి చుట్టుకున్నాయి, మిగిలింది ఈ నీలమొకటి. ఇప్పుడు దీనికీ దారం కడుతున్నారు. ఆయన దుర్మార్గుడై ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయన దృష్టిలో ఆయన నాకు మేలే చేస్తున్నారు, ఆమె అత్తగారిలాగే.

స్టూడియో పేజీ నడిపేదీ నేనే కాబట్టి దాన్ని నేనే తీసేశాను. కాసేపటికి ఆయన గమనించారు.

"ఎవరు తీశారు?"

"నేనే."

"నన్ను ఒక్క మాట అడగాలని తెలీదూ?"

ఆ ప్రశ్న ఆయన చెవికే వినపడుతుందేమోనని చూశాను. వినపడలేదు.

రెండో రోజు హోటల్ మేనేజరు వచ్చాడు. ఆయన నా సొరుగులోంచి ఆకుల కాగితాలన్నీ తీసి బల్ల మీద పరిచి ఉంచారు. బాగా వచ్చినవీ, పాలిపోయినవీ, డాగు పడ్డవీ, అన్నీ కలిపేసి. మావయ్యగారు కూడా కిందికొచ్చి కూర్చున్నారు. నేను టీ ఇచ్చి, కంప్యూటరు దగ్గర నిలబడ్డాను.

"అద్భుతంగా ఉన్నాయి సార్," అన్నాడు మేనేజరు. "ఎలా చేస్తారిది?"

"ఇదొక పాతకాలపు పద్ధతండీ. స్పెషల్ లెన్సుతో ఎండని పట్టి..."

"కెమెరా లేకుండా అని విన్నాను?"

"అదే, కెమెరా లేకుండా కూడా..." ఆయన నవ్వి, నా కేసి చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. కస్టమరు పేరు మర్చిపోయినప్పుడు, తారీఖు తడబడినప్పుడు, ఆ చూపు నా దాకా వస్తుంది. నేను వెనకనుంచి నెమ్మదిగా మాట అందిస్తాను. ఆయన దాన్ని పెద్ద గొంతుతో చెబుతారు. మా సంసారం అంత సాఫీగా నడిచింది. ఇప్పుడూ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది, ఇనుము, రెండు మందులు, సమానంగా. పళ్ళ మధ్య పట్టి ఆపాను. మావయ్యగారు చేతిలో కప్పు కేసే చూస్తున్నారు.

"ఆయనకు రాదండీ," అన్నాను మేనేజరుతో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇవన్నీ చేసింది నేను. మీకు మాత్రం చెయ్యను. మీరు చూసిన ఆ స్వెట్టరు ఒకరి సొంతం. అది అందరికీ చూపించేది కాదు."

మేనేజరు ఆయన వైపు తిరిగాడు. ఆయన మొహం ఎర్రబడింది, అయినా నవ్వే ప్రయత్నం చేశారు. "తనంతేనండీ, వట్టి మొహమాటం. నేను ఒప్పిస్తాగా."

నేను బల్ల దగ్గరికి వెళ్ళి కాగితాలు ఒక్కొక్కటే తీసుకోవడం మొదలుపెట్టాను, పాలిపోయినవి కూడా.

"మొహమాటం కాదండీ," అన్నాను. "అది ఇన్నేళ్ళూ పడ్డాను. ఇవాళ పడటం లేదు."